ఎవరూ ముట్టని బోల్టులు

"మూత ఉందా?"

పొద్దున స్టేషనుకు పట్టుకొచ్చిన దగ్గర్నుంచీ ఆ మనిషి తనంతట తాను అడిగింది ఆ ఒక్క మాటే.

డిటెక్టివ్ కుర్చీని కాస్త ముందుకు లాక్కుంది. బల్లకు అవతల కూర్చున్నవాడు స్కూలు బస్సు డ్రైవరు. ఒంటి మీద ఖాకీ చొక్కా అలాగే ఉంది. పిల్లల్ని బడి దగ్గర దించి బస్సు తిప్పుకుంటూ ఉంటే, బస్సుతో సహా తీసుకొచ్చారు. అతని మీద మోపింది చిన్న నేరం కాదు. సొంత అన్న భార్య కారులో ఏదో చేసి, ఆమెను ప్రాణాలతో తగలబెట్టబోయాడని.

"ఏ మూత గురించి అడుగుతున్నారు?" అంది డిటెక్టివ్.

అతను తల దించుకున్నాడు.

"నిన్న తెల్లవారుతుండగా మీ వదిన కారు బానెట్ ఎత్తి మీరు లోపలికి వంగి ఉన్నారని పక్కింటి వాచ్‌మన్ చెబుతున్నాడు. నిజమేనా?"

"నిజమే మేడమ్."

"చేతిలో పానా ఉందా?"

"లేదు." ఈ జవాబు మాత్రం తడుముకోకుండా వచ్చింది.

"మరి ఏముంది?"

అతను చొక్కా బొత్తాం పట్టుకుని తిప్పసాగాడు.

"వాచ్‌మన్ కేకేస్తే పరిగెత్తారట. ఎందుకు?"

"వదినకి తెలియకూడదని."

"ఏం తెలియకూడదు?"

అతను గోడ వైపు తిరిగాడు. "వదిన చెయ్యి ఎలా ఉంది? బాగా కాలిందా?" అన్నాడు చివరికి.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "చాలనుకుంటాను. చేసినవాడికే తెలుస్తుంది ఏ మూత ఊడిందో, ఏ బోల్టు ఊడిందో. సాయంత్రం జడ్జిగారి ముందు పెడుతున్నా."

ఇద్దరూ నడవాలోకి వచ్చారు. వీళ్ళ పరిచయం పాతదే. డిటెక్టివ్ ఈ వృత్తిలోకి రాకముందు ఒక బీమా కంపెనీకి కాలిన బండ్లు, కాలిన గోడౌన్లు పరీక్షించి పెట్టేది. అప్పట్లో ఒక బట్టల గోడౌను కాలితే ఇన్‌స్పెక్టరు పనివాళ్ళను లోపల వేశాడు. ఆమె వచ్చి, ఎవరో ఆపకుండా వదిలేసిన ఇస్త్రీపెట్టెను బూడిదలోంచి తీసి చూపించింది. అప్పటినుంచి అతను ఆమెను చూస్తే పళ్ళతో మాత్రమే నవ్వుతాడు.

"మీ దగ్గర ఉన్నదేమిటి?" అని అడిగింది.

"ఏం లేదో చెప్పండి. మనిషిని చూసిన సాక్షి ఉన్నాడు. రెండేళ్ళుగా వదినా మరుదులకి మాటల్లేవు. ఇంజన్ మీద టాపెట్ కవర్ ఉంటుంది కదా, దాని బోల్టులు వేళ్ళతో తిప్పితే తిరుగుతున్నాయి. ఆ సందులోంచి ఆయిల్ కారి వేడి పైపు మీద పడింది, అంటుకుంది. బోల్టులు వాటంతట అవే వదులవుతాయా?"

"కారు చూడొచ్చా?"

"చూడండి. మీరు చూసినంత మాత్రాన బిగుసుకుపోవుగా."

నడవా చివర బెంచీ మీద డ్రైవరు భార్య కూర్చుని ఉంది. డిటెక్టివ్‌ని పిలిపించింది ఆమే. లేచి ఎదురొచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మీ దగ్గర దాచకూడదు. వారానికోసారి ఆయన మామూలు కంటే ముందే లేచి వెళ్ళిపోతాడు. అడిగితే బస్సు కడగాలంటాడు. ఏడాది నుంచీ ఇదే వరస. నేను... ఇంకోటి అనుకున్నాను."

"ఏమనుకున్నారు?"

"ఏమనుకుంటాం? మొగుడు చీకటితో లేచి చెప్పకుండా వెళ్తే ఏమనుకుంటామో అదే." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇప్పుడు అదే నిజమైతే బాగుండు అనిపిస్తోంది. చంపడం కంటే అది నయం కదండీ."

*

డ్రైవరు వదిన పశువుల డాక్టరు. డిటెక్టివ్ వెళ్ళేసరికి కుడిచేతికి కట్టుతోనే, ఎడమచేత్తో ఒక మేక కాలికి మందు రాస్తోంది. మేకను పట్టుకున్న ముసలాయన అది అరిచినప్పుడల్లా తానే మూలుగుతున్నాడు.

"కారు మావారిది" అంది డాక్టరమ్మ, తల ఎత్తకుండానే. "ఆయన ఓడలో పని చేస్తారు. ఈసారి వెళ్ళి ఏడాది దాటింది, ఇంకా రాలేదు. ఆయనా మా మరిదీ కలిసి తుక్కు కింద పడున్న దాన్ని తెచ్చి బాగు చేశారు. ఊళ్ళు తిరగడానికి నాకు అదే ఆధారం."

"ఆయిల్ కారడం ఎప్పటినుంచి?"

"ఏడాదవుతుంది. మా గేటు ఇరుకు, కారు రోడ్డు మీదే పెడతాను. పొద్దున తీసేసరికి కింద నల్లటి మరక. ఇద్దరు మెకానిక్కులకి చూపించాను. ఇద్దరూ కింద పడుకుని చూసి ఒకటే మాట అన్నారు. ఇంజన్ వెనక సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి, కారు వారం పైన వదిలెయ్యాలి అని. వారం నేను కదలకపోతే ఈ పశువుల సంగతేంటి? మావారు వచ్చాక చూద్దాంలే అనుకున్నా."

"ఈ ఏడాదిలో మీరు ఎప్పుడైనా ఆయిల్ పోశారా?"

"నాకు బానెట్ ఎత్తడమే రాదు. ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగితే సరిచేస్తాను గానీ ఆ రేకు కింద ఏముందో నాకు తెలీదు."

"ఆయిల్ బాగా తగ్గితే స్టీరింగ్ దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంది. వెలిగిందా?"

"ఒక్కసారీ వెలగలేదు. పెద్దగా కారడం లేదేమో అనుకున్నాను."

డిటెక్టివ్ ఆ మాట దగ్గర కొంచెం ఆగింది. "నిన్న ఏం జరిగింది?"

"కొండ రోడ్డు ఎక్కుతున్నా. ముందు కాలిన వాసన, తర్వాత బానెట్ సందుల్లోంచి పొగ. ఆపి దిగేసరికి మంట కనబడింది. తెలివితక్కువగా బానెట్ మీద చెయ్యి వేశాను. వెనక వస్తున్న లారీ డ్రైవరు నన్ను పక్కకి లాగి తడి గోనెసంచి విసిరాడు. మంట ఆరకపోతే డిక్కీలో స్పిరిట్ సీసాలున్నాయి."

మేక కాలికి గుడ్డ చుట్టి ముడి వేసింది. ముసలాయన దాన్ని తోలుకుపోయాక చేతులు కడుక్కుని కుర్చీలో కూలబడింది.

"మరిదితో మాటలెందుకు పోయాయి?"

"వాడి కుక్క నా బల్ల మీదే చచ్చిపోయింది. తెచ్చేసరికే ఆలస్యమైంది. ఆ దుఃఖంలో పదిమంది ముందూ నన్ను హంతకురాలన్నాడు. నేనూ ఊరుకోలేదు, నా గుమ్మం తొక్కొద్దన్నాను. తొక్కలేదు. పౌరుషం గలవాడు." ఆమె కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "రాత్రంతా కన్ను మూతపడలేదు. మంట గుర్తొచ్చి కాదండీ. నేను కాపురానికి వచ్చేసరికి వాడు నిక్కర్లు వేసుకునేవాడు. జ్వరమొస్తే నా పక్కనే పడుకునేవాడు. వాడు నన్ను చంపాలనుకున్నాడా, లేదా? అది తెలిస్తే చాలు నాకు. ఏదైనా సరే, తెలియాలి."

*

కారును పోలీసులు ఒక మెకానిక్ షెడ్డులో పెట్టించారు. మేస్త్రి బానెట్ ఎత్తి కర్ర ఆన్చాడు. ఇన్‌స్పెక్టరు అప్పటికే అక్కడ ఉన్నాడు.

మంట పెద్దగా పాకలేదు. పొగగొట్టం పైపు దగ్గర పెయింటు బుడగలు కట్టి, ఒక ప్లగ్గు వైరు కాలి ఉంది. ఇంజన్ వెనక భాగమంతా ఏడాది జిడ్డు, దాని మీద దుమ్ము, చెట్టు బెరడులా గట్టిపడి ఉంది. డిటెక్టివ్ టార్చి పట్టుకుని టాపెట్ కవర్ మీదికి వంగింది. చేత్తో ఏదీ ముట్టుకోలేదు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఆరు బోల్టుల్లో ముందున్న రెండు మెరుస్తున్నాయి. చూడండి."

"చూశాను. పానా పెట్టి తిప్పిన గుర్తులు. నేను చెప్పింది అదే కదా."

"ఎవరు తిప్పారు?"

ఇన్‌స్పెక్టరు పక్కనున్న కానిస్టేబులు వైపు చూశాడు. కానిస్టేబులు మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి తల గోక్కున్నాడు.

"వదులుగా ఉన్నాయో లేదో చూడమంటే, నిన్న సాయంత్రం నేనే పానా పెట్టానమ్మా. రెండు చూసి ఆపేశాను. ముట్టుకోగానే వేలితోనే తిరిగాయి."

"మిగతా నాలుగు?"

"వాటి జోలికి పోలేదు."

"అయితే ఇలా రండి." ఆమె టార్చి వెనక బోల్టు మీద నిలిపింది. "బోల్టు తలకీ కవర్‌కీ మధ్య జిడ్డు పట్టి ఉంది. ఎక్కడా పగలలేదు. తల మూలల్లో మట్టి కూరుకుపోయి ఉంది. నిన్న పొద్దున ఎవరైనా పానా పెట్టి ఉంటే మూలలు మీ రెండింటిలా మెరవాలి. ఈ నాలుగింటినీ ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టలేదు. ఇప్పుడు వేలితో తిప్పండి."

ఇన్‌స్పెక్టరు రుమాలు తీసి, దానితో బోల్టు పట్టుకుని తిప్పాడు. జిడ్డు చిట్లింది. బోల్టు సులువుగా తిరిగింది.

"వదులుగానే ఉంది" అన్నాడు. గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"ఉంటుంది. ఎవరూ ముట్టకుండా ఎందుకు వదులైందో ఇంజన్‌నే అడుగుదాం. మేస్త్రీ, ఫొటోలు తీశాక దీన్ని కిరసనాయిలుతో శుభ్రంగా కడగాలి. ఆ వైరు మార్చి స్టార్ట్ చెయ్యాలి."

"సాక్ష్యాన్ని కడిగేస్తానంటారేంటి?" ఇన్‌స్పెక్టరు అడ్డం వచ్చాడు. "కుదరదు. పై అధికారికి నేనేం చెప్పుకోవాలి?"

"మురికిలో ఉన్న సాక్ష్యం మీ కళ్ళతోనే చూశారు, మీ ఫొటోల్లో ఉంది. ఈ మురికి కింద ఆయిల్ ఎక్కడ పుడుతోందో ఎవరికీ కనబడదు. అందుకే ఇద్దరు మెకానిక్కులు మోసపోయారు. రేపు కోర్టులో అవతలి లాయరు ఇదే అడిగితే అప్పుడు కడుగుతారా?"

ఇన్‌స్పెక్టరు కాసేపు పళ్ళు కొరుక్కున్నాడు. "ఫొటోలు ఇంకో నాలుగు తియ్యి" అన్నాడు కానిస్టేబులుతో.

కడిగి, గాలి కొట్టి ఆరబెట్టేసరికి ఇంజన్ కొత్తదాని చుట్టంలా తయారైంది. డిటెక్టివ్ తన సంచిలోంచి ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి, కవర్ అంచుల వెంబడీ, వెనక గోడ మీదా, కింద గేర్‌బాక్స్ కలిసే చోటా చల్లింది. కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

మేస్త్రి తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గి, తేరుకుని, నెమ్మదిగా ఆడసాగింది. అందరూ వంగి చూశారు. పౌడరు తెల్లగా ఉంది. ఇంకాసేపు గడిచినా అలాగే ఉంది.

"ఏమీ కారడం లేదే" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కొండ ఎక్కేటప్పుడు కారింది. నిలబడి ఉన్నప్పుడు కాదు. వేడెక్కనిచ్చి యాక్సిలరేటర్ తొక్కండి మేస్త్రీ."

ఇంజన్ హోరెత్తింది. డిటెక్టివ్ కన్నార్పకుండా చూస్తోంది. ఇక్కడ తన లెక్క తప్పితే సాయంత్రానికి ఆ డ్రైవరు జైల్లో ఉంటాడు. 

కవర్ వెనక మూలన పౌడరు మీద ఆవగింజంత నల్లచుక్క పుట్టింది. పెరిగింది. జారింది. సన్నటి గీత ఒకటి వెనక గోడ వెంబడి దిగి, సరిగ్గా గేర్‌బాక్స్ కలిసే చోట బొట్టుగా వేలాడింది. ఇంకో పాయ పక్కకు తిరిగి వేడి పైపు అంచుకు చేరింది. సుయ్‌మని పొగ లేచింది.

"ఆపండి" అందామె. "వెనక సీల్ బాగానే ఉంది. పైనుంచి జారి అక్కడ చేరితే, కింద పడుకుని చూసినవాళ్ళు అక్కడే పుట్టిందనుకున్నారు."

"సరే, వెనక మూల నుంచే కారింది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కానీ బోల్టు వదులు వల్లే కదా?"

"మరి ఏడాదిగా చుక్కలు చుక్కలుగా కారింది నిన్న ధారగా ఎందుకు వచ్చింది?" ఆమె కవర్ నుంచి గాలి వడపోత డబ్బాకు వెళ్ళే రబ్బరు గొట్టం పీకి అతని చేతికిచ్చింది. "ఊదండి."

"నేనా?"

"మీరే. నేను ఊదితే నమ్మరు."

ఇన్‌స్పెక్టరు గొట్టం కొస తుడిచి ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి పోలేదు. మేస్త్రి గొట్టం తీసుకుని తీగ పెట్టి పొడిస్తే తారులాంటి ముద్ద ఒకటి ఊడి నేల మీద పడింది.

"ఇంజన్ లోపలి ఆవిరి ఈ గొట్టంలోంచి బయటికి పోవాలి" అంది డిటెక్టివ్. "ఇది కొద్దికొద్దిగా పూడుకుంటూ వచ్చి నిన్నటికి మొత్తం మూసుకుపోయింది. కొండెక్కేటప్పుడు లోపలి ఒత్తిడికి దారి లేక, బలహీనంగా ఉన్నచోట ఆయిల్‌ని నెట్టేసింది. కవర్ విప్పండి మేస్త్రీ."

కవర్ కింది కార్కు ప్యాకింగ్ బిస్కెట్‌లా ముక్కలై చేతిలోకి వచ్చింది.

"ఎండి కుంచించుకుపోయిందమ్మా" అన్నాడు మేస్త్రి. "ఇది తగ్గితే పైన బోల్టు వదులైనట్టే. ఇదొక్క పొద్దున అయ్యే పని కాదు. ఏళ్ళు పడుతుంది."

ఇన్‌స్పెక్టరు జేబులోంచి రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. "మరి ఆ మనిషి బానెట్‌లో తల దూర్చి ఏం చేసినట్టు?"

"ముందు డిప్‌స్టిక్ తీయండి."

మేస్త్రి ఆయిల్ కొలిచే ఇనప పుల్ల లాగి, తుడిచి, ముంచి తీశాడు. ఆయిల్ పైగీతకు కాస్త కిందనే ఉంది.

"ఏడాదిగా కారుతున్న ఇంజన్. నిన్న ధారగా పోయింది. ఆమె చుక్క కూడా పోయలేదు, దీపం వెలగలేదు. అయినా ఆయిల్ నిండుగా ఉంది. మీరు కడగకముందు తీసిన ఫొటో చూడండి. అంత మురికిలోనూ ఆయిల్ పోసే మూత ఒక్కటే శుభ్రంగా ఉంది, చేతి రాపిడికి నున్నబడి. బోల్టుల్ని ఎవరూ ముట్టలేదు. మూతను మాత్రం ఎవరో తరచుగా తీసి పెడుతున్నారు."

ఇన్‌స్పెక్టరు ఆ ఫొటో చాలాసేపు చూశాడు. "పోస్తున్నాడా?" అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు.

డిటెక్టివ్‌కి అప్పుడు ఆ డ్రైవరు అడిగిన మాట అర్థమైంది. ఆమె బానెట్ లోపలి వైపు, సరిగ్గా మూతకు పైన పడేచోట టార్చి వేసింది. వేలితో గీసి చూసింది. పొడి దుమ్ము అంటుకుంది. ఆ ఫొటోలో మూత గాడికి గాడి కూర్చుని ఉంది. మూత ఊడి ఉంటే ఆయిల్ పైకి చిమ్మి అక్కడంతా జిడ్డై ఉండేది.

మేస్త్రి కార్కు షీటు పరిచి, కవర్ బోర్లించి గీత గీసి, కొత్త ప్యాకింగ్ కత్తిరించాడు. కొత్త గొట్టం తొడిగాడు. బోల్టులు మధ్యనుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బిగించాడు, గట్టిగా బిగిస్తే కార్కు చీలిపోతుందని గొణుగుతూ. మళ్ళీ పౌడరు చల్లారు. ఇంజన్ వేడెక్కి హోరెత్తింది, చాలాసేపు. ఈసారి అందరికంటే ముందు వంగింది ఇన్‌స్పెక్టరే.

"తెల్లగానే ఉంది" అన్నాడు. అది చెప్పడం అతనికి ఇష్టం లేదు, కానీ అతని భుజాలు మాత్రం కిందికి దిగాయి. "నేను తప్పు చేశానని మీతో అనను. కేసు మూసేస్తాను. అంతే."

"అది చాలు" అంది డిటెక్టివ్.

*

డ్రైవరు అదే కుర్చీలో, అదే భంగిమలో ఉన్నాడు. డిటెక్టివ్ కూర్చోకుండానే చెప్పింది.

"మూత ఉంది. గట్టిగా బిగించే ఉంది. దాని చుట్టుపక్కల ఆయిల్ చుక్క చిందలేదు. మంట మీ వల్ల రాలేదు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. అబద్ధమేమో అని వెతికినట్టు చూశాడు. తర్వాత రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆ ఖాకీ భుజాలు అదిరాయి. ఇన్‌స్పెక్టరు కిటికీ వైపు తిరిగి, బయట ఏమీ లేకపోయినా చూస్తూ నిలబడ్డాడు.

"రోజూ బస్సు తీసుకుని ఆ వీధిలోంచే వెళ్తాను" అన్నాడు డ్రైవరు, కాస్త తేరుకున్నాక. "కారు కింద మరక చూశాను. వదిన పట్టించుకోదని తెలుసు. వెనక సీల్ అయ్యుంటుంది, అన్న వస్తే గానీ దించలేం, అంతదాకా ఆయిల్ తగ్గకుండా చూస్తే చాలనుకున్నాను. పాత బండి, బానెట్ బయటినుంచే తెరుచుకుంటుంది. గుమ్మం తొక్కనని మాటిచ్చాను గానీ, రోడ్డు మీదున్న కారు గుమ్మం కాదు కదా మేడమ్."

"మరి పోలీసులకి ఆ ముక్క చెప్పడానికేం?"

"నిన్న ఆయిల్ పోస్తూ సగంలో ఉండగా వాచ్‌మన్ కేకేశాడు. పరిగెత్తాను. బస్సెక్కాక గుర్తుచేసుకుంటే మూత బిగించానో లేదో గుర్తు రాలేదు. బస్సు నిండా పిల్లలు. వదిలేసి వెనక్కి ఎలా వెళ్ళను? తర్వాత మంట సంగతి తెలిసింది. నా చేతులారా చేశాననుకున్నాను. ఇంక ఏం చెప్పుకుంటే ఏం లాభం?"

"ఆమెకి ఒక్క ఫోన్ చెయ్యాల్సింది."

గుమ్మం దగ్గర నుంచి ఇంకో గొంతు వినబడింది.

"చేశాడు."

డాక్టరమ్మ ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. పక్కనే ఆమె తోడికోడలు చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"నిన్న బయల్దేరే ముందు రెండుసార్లు చేశాడు. పేరు చూసి రెండుసార్లూ కట్ చేశాను. రాత్రంతా నాకు నిద్ర పట్టనిది అందుకే. ఎందుకు చేశాడా, తిట్టడానికా, బెదిరించడానికా అని. ఎవరికీ చెప్పలేదు." ఆమె లోపలికి వచ్చి మరిది ఎదురుగా ఆగింది. "ఎత్తి ఉంటే ఏం చెప్పేవాడివిరా?"

"బండి తియ్యకు వదినా అనేవాణ్ణి."

డాక్టరమ్మ ఎడమచెయ్యి చాచి, అతని జుట్టు చిన్నపిల్లాడి జుట్టులా చెరిపింది.

డ్రైవరు భార్య గోడకు చేరబడి, ఏడుపూ నవ్వూ ఒకటేసారి వస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏడాది పొడుగునా ఎవత్తో ఒకత్తిని తిట్టుకుంటూ కూర్చున్నానక్కా" అంది. "తీరా చూస్తే నువ్వా."

ఇన్‌స్పెక్టరు దగ్గాడు. "బడి వదిలే వేళవుతోంది. బస్సు ఇక్కడుంటే పిల్లలెలా ఇళ్ళకి వెళ్తారు? సంతకం పెట్టి బయల్దేరు."

స్టేషను ఆవరణలో పసుపుపచ్చ బస్సు ఎండలో నిలబడి ఉంది. డ్రైవరు ఎక్కి సీటు సర్దుకున్నాడు. భార్య ముందు సీట్లో కూర్చుంది. డాక్టరమ్మ మెట్టు దగ్గర ఆగింది.

"నా కారు రేపటిదాకా రాదట. దారిలో దించుతావా?"

"బడి దగ్గర ఆగి వెళ్ళాలి వదినా. బాగా గోల చేస్తారు."

"చెయ్యనీ."

ఆమె ఎక్కి, ఆరేళ్ళ పిల్లల కోసం చేసిన పొట్టి సీట్లో మోకాళ్ళు పైకి వచ్చేలా ఇరుక్కుని కూర్చుంది. బస్సు గేటు దాటి మలుపు తిరిగేదాకా డిటెక్టివ్ అక్కడే నిలబడి చూసింది. కిటికీలోంచి ఆ ముగ్గురూ ఒకేసారి మాట్లాడుకోవడం కనబడుతూనే ఉంది.